మనోళ్ళు ఎంతమంది పోయారు?

(బాగ్‌లింగంపల్లిలో ఒక ఆదివారం సాయంత్రం ప్రైవేటు ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్న పాఠం. చెప్పిందే మళ్ళీ చెప్పిన చోట్ల కొంత తీసేశాం, మాట తీరు మార్చలేదు.)

నమస్కారమండీ. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? ఫ్యాన్ల మోత ఎక్కువుంది. సరే, కొంచెం గట్టిగానే మాట్లాడతాను.

నన్ను పిలిచినవాళ్ళు రెండు టాపిక్కులు ఇచ్చారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని టెన్షన్ మనిషిని ఏం చేస్తుంది అన్నది ఒకటి. రకరకాల ఊళ్ళ, కులాల, భాషల, మతాల మనుషులు, ఆడవాళ్ళు, మగవాళ్ళు కలిసి పనిచేసే ఆఫీసులో ఏం జరుగుతుంది అన్నది రెండోది. అరగంట అది, అరగంట ఇది చెప్పండి మేడమ్ అన్నారు. నేను ఇరవై రెండేళ్ళు హెచ్ఆర్‌లో ఉన్నాను. ఈ రెండూ నాకెప్పుడూ విడివిడిగా కనపడలేదు. అందుకని కలిపేసే చెప్తాను, ఏమనుకోకండి.

హెచ్ఆర్ అనగానే కొన్ని మొహాలు మారాయి. చూశాను. (నవ్వులు) న్యాయమే. మీకు ఫోన్ చేసి, "ఒక పదిహేను నిమిషాలు కనెక్ట్ అవుదామా?" అని తియ్యగా అడిగే మనిషిని నేనే. 2023లో అదే మాట ఇంకొకరు నాకు చెప్పారు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు 2009 సంగతి. అమెరికాలో 2008 సెప్టెంబర్‌లో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు మునిగింది. ఆ దెబ్బ మాదాపూర్‌కి రావడానికి నాలుగైదు నెలలు పట్టింది. నేను పనిచేసే కంపెనీ మధ్యరకంది, పేరొద్దు. రెండు క్లయింట్ ప్రాజెక్టులు ఒకేసారి ఆగిపోయాయి. నలభై ఒక్కమందిని తీసేయాలన్నారు. ఆ లిస్టు ఉన్న ఎక్సెల్ షీట్ నా కంప్యూటర్‌లోనే తయారైంది. అందులో కాలమ్‌లు నాకిప్పటికీ గుర్తే. ఎంప్లాయీ నంబర్, ప్రాజెక్ట్ కోడ్, బిల్లింగ్ శాతం, బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేకుండా ఖాళీగా, ఎన్ని రోజులున్నారు, రెండేళ్ళ రేటింగ్, జీతం. అంతే. ఏ ఊరు, ఏ కులం, ఆడా మగా అన్న కాలమ్ లేదు. ఉన్న పేర్లను జీతం ప్రకారం ఒకసారి, బెంచ్ రోజుల ప్రకారం ఒకసారి పైకీ కిందికీ తిప్పారు. గీత గీశారు.

శుక్రవారం చెప్పాం. సోమవారం ఆఫీసు వెనక సందులో టీ బండి దగ్గర నిలబడ్డాను. నేను హెచ్ఆర్ అని అందరికీ తెలియదు అప్పట్లో, కొత్తగా చేరాను. నా పక్కన ఇద్దరు కుర్రాళ్ళు, "చూశావా, మేనేజర్ ఆంధ్రా కదా, తెలంగాణోళ్ళనే తీసిండు" అంటున్నారు. అవతల ఇంకో గుంపు, "కొత్త వీపీ నార్త్ ఇండియన్. మన తెలుగువాళ్ళకే ఎసరు పెట్టాడు" అంటోంది. ఒకాయన, "ఆడవాళ్ళని ముట్టుకోరు, డైవర్సిటీ నంబర్ పాడవుతుంది కదా, మగవాళ్ళమే దొరికాం" అన్నాడు. నేను పైకొస్తే వాష్‌రూమ్‌లో ఇద్దరమ్మాయిలు, "పెళ్ళైనవాళ్ళు, ప్రెగ్నెంట్ అయ్యేవాళ్ళు, వీళ్ళనే చూసి తీశారు" అంటున్నారు. మధ్యాహ్నానికి ఫలానా కులం వాళ్ళు ఒక్కరు కూడా పోలేదట అని ఐదో లెక్క వచ్చింది. పోయారు, ఐదుగురు పోయారు. నాకు తెలుసు. కానీ చెప్పలేను.

ఒకటే లిస్టు. ఐదు లెక్కలు. అన్ని లెక్కల వెనకా ఉన్న ప్రశ్న మాత్రం ఒకటే, "మనోళ్ళు ఎంతమంది పోయారు?"

ఈ "మనోళ్ళు" ఎంత సాగే మాటో మీకు నేను చెప్పక్కర్లేదు. నెల కిందట ఇదే ఆఫీసులో మనోళ్ళు అంటే టీమ్. క్లయింట్ మీద కోపమొస్తే టీమ్ అంతా మనోళ్ళే. శుక్రవారం సాయంత్రం నుంచి ఆ మాట కుంచించుకుపోయింది. జిల్లా అయింది, కులం అయింది, కాలేజీ అయింది.

ఎందుకిలా? నేను అప్పుడు అర్థం చేసుకోలేదు, తర్వాత చదివి కొంత తెలుసుకున్నాను. ఉద్యోగ అభద్రత మీద 1984లో లెనర్డ్ గ్రీన్‌హాల్ష్, జెహవా రోసెన్‌బ్లాట్ అని ఇద్దరు పరిశోధకులు ఒక ముఖ్యమైన వ్యాసం రాశారు. వాళ్ళు చెప్పింది నాకు బాగా పట్టింది. ఉద్యోగం పోతుందన్న భయం సగమే. దాన్ని ఆపడానికి నా చేతిలో ఏమీ లేదు అన్న నిస్సహాయత మిగతా సగం. వాన పడుతుందని తెలిస్తే గొడుగు తీసుకెళ్తాం. ఇక్కడ వానెప్పుడో తెలియదు, గొడుగు ఎక్కడ దొరుకుతుందో చెప్పరు. కష్టపడి పనిచేస్తే ఉంచుతారా? తెలియదు. సర్టిఫికేషన్ చేస్తే ఉంచుతారా? తెలియదు. కారణం తెలియనప్పుడు మనిషి ఊరికే ఉండలేడు. కంటికి ఎదురుగా కనపడేదాన్ని కారణం చేసుకుంటాడు. ఎదురుగా కనపడేది ఏది? పక్క సీట్లో మనిషి. అతని భాష, బొట్టు, గడ్డం, ఇంటిపేరు, లంచ్ బాక్స్.

మరి మేము కారణం ఎందుకు చెప్పలేదు? లాయర్లు వద్దన్నారు. "చెప్తే వాదన మొదలవుతుంది, చెప్పకపోతే రెండు వారాల్లో సద్దుమణుగుతుంది" అన్నారు. సద్దుమణిగింది కూడా, బయటికి. కానీ మా నాలుగో ఫ్లోర్ క్యాంటీన్ చెప్తాను వినండి. పెద్ద స్టీల్ టేబుళ్ళు, ఒక్కోదానికి పదిమంది. అంతకుముందు టెస్టింగ్ టీమ్ వాళ్ళంతా ఒకే టేబుల్. ఒక బెంగాలీ అమ్మాయి ఆవపిండి వేసిన చేప తెచ్చేది. కరీంనగర్ అబ్బాయి వాళ్ళమ్మ చేసిన సర్వపిండి తెచ్చేవాడు. చుట్టూ ఎనిమిది చేతులు. డబ్బా మూత తీసేలోపు సగం ఖాళీ. లిస్టు వచ్చాక టేబుళ్ళు మారాయి. ఎవరూ పోట్లాడుకోలేదు, ఒక్క మాట అనుకోలేదు. "మీటింగ్ ఉంది, లేటవుతుంది, మీరు తినేయండి" అనుకుంటూ ఎవరి టైమ్‌కి వాళ్ళు రావడం మొదలైంది. ఏప్రిల్‌కి చూస్తే తెలుగువాళ్ళు కిటికీ పక్కన, హిందీవాళ్ళు వాటర్ కూలర్ పక్కన. ఆ బెంగాలీ అమ్మాయి సీట్లోనే తినేది, ఇయర్ ఫోన్స్ పెట్టుకుని. డబ్బా మూత మాత్రం సగమే తీసేది.

ఇది ఐటీ వచ్చాక పుట్టిన జబ్బు అనుకుంటే పొరపాటు. సైబర్ టవర్స్ 1998లో వచ్చింది. ఈ ఊరికి ఈ రోగం అంతకంటే వందేళ్ళ ముందునుంచే తెలుసు. నిజాం దివాన్ సాలార్‌జంగ్ కాలంలో పరిపాలన కోసం ఉత్తరాది నుంచి చదువుకున్నవాళ్ళని రప్పించారు. అప్పటి నుంచే ముల్కీ అంటే ఇక్కడివాళ్ళు, గైర్ ముల్కీ అంటే బయటివాళ్ళు అన్న మాటలు. 1919లో నిజాం ఫర్మానా ఇచ్చి, పదిహేనేళ్ళు ఇక్కడ ఉన్నవాళ్ళకే సర్కారు నౌకరీ అన్నాడు. 1948లో పోలీసు చర్య అయ్యాక మద్రాసు, బొంబాయి రాష్ట్రాల నుంచి ఉద్యోగులు దిగారు. ఇక్కడివాళ్ళది ఉర్దూ చదువు, వచ్చినవాళ్ళది ఇంగ్లీషు చదువు. ఆఫీసు భాష మారగానే ఇక్కడివాడి చదువు రాత్రికి రాత్రి చెల్లని నాణెం అయింది. 1952లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. వాళ్ళ నినాదం మీలో పెద్దవాళ్ళకి తెలుసు, "ఇడ్లీ సాంబార్ గో బ్యాక్".

ఇవాళ వింటే నవ్వొస్తుంది. (నవ్వులు) కానీ ఆలోచించండి. ఆ కోపం న్యాయమైందే, ఉద్యోగాల మీద కోపం. సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అది చిన్న విషయం కాదు. 1969లో మళ్ళీ వచ్చింది, 1985లో, స్థానికేతర ఉద్యోగుల్ని వెనక్కి పంపాలన్న 610 జీవో దాకా వచ్చింది, ఆ తర్వాతిది మనం కళ్ళతో చూశాం. నేను అనేది ఒక్కటే. నియామకాల రూల్ మీద మొదలైన గొడవ, ఎదుటివాడి పళ్ళెంలో టిఫిన్ మీదికి ఎలా పోయిందో చూడండి. రూల్ కనపడదు, ఇడ్లీ కనపడుతుంది. మా టీ బండి దగ్గర జరిగింది కూడా అదే. ఇప్పుడు పొద్దున్నే అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కోచింగ్‌కి వచ్చిన పిల్లలంతా, ఏ జిల్లా వాళ్ళైనా, తినేది ఆ ఇడ్లీయే అనుకోండి, అది వేరే సంగతి.

మనస్తత్వ శాస్త్రంలో దీనికి ఒక ప్రయోగం ఉంది. ఇంగ్లండులో హెన్రీ తాజ్‌ఫెల్ అనే ఆయన 1970ల మొదట్లో స్కూలు పిల్లల మీద చేశాడు. పిల్లలకి బొమ్మలు చూపించి, నీకు ఈ చిత్రకారుడు నచ్చాడు, నీకు ఆయన నచ్చాడు అని రెండు గుంపులు చేశాడు. నిజానికి ఊరికే విడగొట్టాడు, నచ్చడం నచ్చకపోవడం ఏం లేదు. తర్వాత ఒక్కొక్కరినీ మిగతావాళ్ళకి డబ్బు పంచమన్నాడు. ఎవరికిస్తున్నారో తెలియదు, ఏ గుంపో మాత్రమే తెలుసు. పిల్లలు తమ గుంపుకే ఎక్కువిచ్చారు. ఇంకా విచిత్రం ఏమిటంటే, తమవాళ్ళకి కొంచెం తక్కువ వచ్చినా ఫర్వాలేదు, అవతలివాళ్ళకంటే ఎక్కువుండాలి అన్నట్టు పంచినవాళ్ళు చాలామంది. ఉత్తుత్తి గుంపుకే ఇలా ఉంటే, పుట్టుకతో వచ్చిన గుంపుల సంగతి, అందులోనూ నెత్తిన హౌసింగ్ లోన్ ఈఎంఐ ఉన్నప్పుడు, ఊహించుకోండి.

అయితే మనుషుల్లో తేడాలున్న ప్రతి టీమూ విరిగిపోదు. ఇది నేను కళ్ళారా చూశాను. 1998లో డోరా లౌ, కీత్ మర్నిఘన్ అని ఇద్దరు దీన్ని బాగా వివరించారు. రాయిలో పగులు గీత ఉంటుంది చూడండి, అలాంటిది టీమ్‌లోనూ ఉంటుందన్నారు. మా ఆఫీసులోనే రెండు టీమ్‌లు చెప్తాను. ఒకదాంట్లో డెవలపర్లందరూ మగవాళ్ళు, పుణె నుంచి వచ్చినవాళ్ళు, సీనియర్లు. టెస్టర్లందరూ అమ్మాయిలు, తెలుగువాళ్ళు, జూనియర్లు. గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. దెబ్బ తగలగానే సరిగ్గా అక్కడే రెండు ముక్కలైంది. ఇంకో టీమ్‌లో కూడా అన్ని రకాలవాళ్ళూ ఉన్నారు. కానీ లీడ్ పాతబస్తీ నుంచి వచ్చే ఒక ముస్లిం అమ్మాయి, ఆవిడ దగ్గర నేర్చుకునేది శ్రీకాకుళం అబ్బాయి, నైట్ షిఫ్ట్‌లో అతనికి జోడీ ఒక మలయాళీ పెద్దాయన. గీతలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. ఒక దగ్గర వేరైనవాళ్ళు ఇంకో దగ్గర కలుస్తున్నారు. అందులోనూ ముగ్గురు పోయారు. మిగిలినవాళ్ళు ఆ ముగ్గురికీ రెజ్యూమెలు సరిచేసి పెట్టారు, రిఫరల్స్ ఇచ్చారు. ఆ టీమ్ చీలలేదు.

కాబట్టి ఎంత శాతం ఆడవాళ్ళు, ఎంత శాతం ఫలానా అని పోస్టర్ వేసుకుంటే ఒరిగేది తక్కువ. వాళ్ళని ఏ సీట్లో, ఎవరి పక్కన, ఏ పనిలో పెట్టారన్నది చూడాలి.

ఇంతవరకూ విని, ఈవిడేమిటి, వివక్ష అంతా జనం ఊహ అంటోందా అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. ఆగండి. ఇందాక నేను లిస్టులో అలాంటి కాలమ్ లేదని ధీమాగా చెప్పాను కదా. చాలా ఏళ్ళు నేను కూడా అదే నమ్మాను. ఆ నమ్మకం పోయిన సంగతి చెప్తాను.

2012లో ఇంకో కంపెనీ. ఒకమ్మాయి కాన్పు సెలవు నుంచి వచ్చింది. అప్పట్లో చట్టం ఇచ్చింది పన్నెండు వారాలే, 2017 సవరణ తర్వాతే ఇరవై ఆరు. తను సెలవులో ఉన్న సంవత్సరం అప్రైజల్ జరిగింది. బెల్ కర్వ్ అని ఒకటుంటుంది, ఇంతమందికి మంచి రేటింగ్, ఇంతమందికి తక్కువ అని ముందే లెక్క, దాని ప్రకారం ఎవరో ఒకరు కింద పడాలి. "తను సగం సంవత్సరం లేదు కదా, ఈసారికి తక్కువ వేద్దాం, వచ్చే ఏడు చూసుకుందాం" అన్నాడు మేనేజర్. చెడ్డవాడు కాదు. నేనూ ఒప్పుకున్నాను. మరుసటి ఏడు కంపెనీ చేతులు మారింది, లిస్టు అడిగారు. షీట్‌లో కాలమ్‌లు మామూలే, అందులో "రెండేళ్ళ రేటింగ్" ఒకటి. ఆ అమ్మాయి పేరు గీత కింద వచ్చింది. తల్లి అని ఎక్కడా రాయలేదు. కానీ రేటింగ్ కాలమ్‌లోనే ఉంది, వేరే పేరుతో.

అప్పుడు నాకు 2009 షీట్ గుర్తొచ్చింది. బెంచ్ రోజులు అన్నాం. ఎవరు బెంచ్ మీద ఎక్కువ రోజులుంటారు? కొత్త ప్రాజెక్టు వస్తోందని ముందు కబురు అందనివాళ్ళు. కబురు ఎవరికందుతుంది? మేనేజర్‌తో సిగరెట్ బ్రేక్‌కి వెళ్ళేవాళ్ళకి, వీకెండ్ క్రికెట్ ఆడేవాళ్ళకి, ఒకే ఊరి బస్సెక్కేవాళ్ళకి. వాష్‌రూమ్‌లో ఆ అమ్మాయిలు అన్నది లెక్కగా తప్పే, పూర్తిగా తప్పు కాదు. నేను మనసులో వాళ్ళని కొట్టిపారేశాను, అది నా తప్పు.

గేటు దగ్గర కూడా ఇంతే. సుఖదేవ్ థొరాట్, పాల్ అట్టివెల్ అని ఇద్దరు ఆచార్యులు 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంగ్లీషు పేపర్లలో పడిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకి 4,808 దరఖాస్తులు పంపించారు. చదువు, అర్హతలు సమానంగా పెట్టి, పేర్లు మాత్రం మార్చారు. అగ్రకులమని తెలిసే పేరు, దళిత పేరు, ముస్లిం పేరు. అగ్రకులం పేరుకి పిలుపు వచ్చే అవకాశంతో పోలిస్తే దళిత పేరుకి మూడింట రెండు వంతులే, ముస్లిం పేరుకి మూడో వంతే. మనిషిని చూడలేదు, మాట వినలేదు, ఒట్టి పేరు. ఇక మన హైదరాబాద్‌లో పేరుతో ఆగుతుందా? "సొంతూరెక్కడ?" అంటారు. "అక్కడ ఏ వీధి?" అంటారు. "ఇంటిపేరు?" అంటారు. మూడో ప్రశ్నకి అడిగినవాడికి కావలసింది తెలిసిపోతుంది. మర్యాదగా, టీ తాగుతూ.

అందుకని ఇక్కడ రెండూ నిజమే. లేని పక్షపాతాన్ని భయం పుట్టిస్తుంది. ఉన్న పక్షపాతం ఆ గోలలో దాక్కుంటుంది. అందరూ "మాకే అన్యాయం" అని అరుస్తుంటే, నిజంగా అన్యాయమైనవాడి గొంతు కూడా అందులో ఒకటైపోతుంది. ఆ కాన్పు అమ్మాయి నా దగ్గరికొచ్చి ఒకే ఒక్కసారి అడిగింది, "మేడమ్, ఆ రేటింగ్ వల్లేనా?" అని. రోజుకి పదిమంది ఏదో ఒకటి అంటున్నారు కదా, అలవాటైన జవాబే చెప్పాను, "నో, ఇట్స్ ఎ బిజినెస్ డెసిషన్". ఆ ముక్క ఇంగ్లీషులోనే చెప్పాను. అలాంటివి తెలుగులో నోరు తిరగవు.

అసలు ఏ లిస్టులోనూ లేనివాళ్ళు ఇంకొందరున్నారు. ఐడీ కార్డు తాడు రంగు చూస్తే తెలుస్తుంది. మా దగ్గర పర్మనెంట్ వాళ్ళది నీలం, కాంట్రాక్ట్ వాళ్ళది పసుపు, హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ వాళ్ళకి వాళ్ళ ఏజెన్సీ కార్డు. ఒక మార్చి 8న మహిళా దినోత్సవం. ఆడ ఉద్యోగులందరికీ గులాబీ పువ్వు, ఒక మగ్గు ఇస్తున్నాం. లాబీలో బల్ల వేశాం. బల్ల తుడిచి, దాని మీద గుడ్డ పరిచింది మా ఫ్లోర్ హౌస్‌కీపింగ్ ఆవిడ, పాలమూరు నుంచి వచ్చి బోరబండలో ఉండేది. అందరూ తీసుకున్నాక పన్నెండు మగ్గులు మిగిలాయి. ఆవిడ అక్కడే నిలబడి ఉంది. నా అసిస్టెంట్ లిస్టు చూసి, "అక్కా, నీ పేరు ఇందులో లేదు, వెండర్ రోల్ కదా" అన్నాడు. "నాకెందుకు సారూ, డబ్బాలు బయట పడేయాల్నా, స్టోర్ల పెట్టాల్నా, గదే అడుగుతున్న" అంది. ఆ మిగిలిన పన్నెండూ స్టోర్‌రూమ్‌లోకే వెళ్ళాయి. తాళం నా దగ్గరే ఉంది. నేనైనా తీసి ఇవ్వచ్చు కదా? ఇవ్వలేదు. తట్టలేదు.

ఆఫీసుల్లో డైవర్సిటీ లెక్క వేసేటప్పుడు వీళ్ళని కలపరు. వీళ్ళని కలిపితే ఆడవాళ్ళ శాతం పెరుగుతుంది, దళితులు, ముస్లింలు, పల్లెల నుంచి వచ్చినవాళ్ళు అందరూ పెరుగుతారు. కానీ కలపరు. ఉద్యోగ అభద్రత గురించి వీళ్ళ దగ్గర మాట్లాడితే నవ్వుతారు. మనకి అప్పుడప్పుడూ వచ్చే భయం వాళ్ళకి ప్రతి నెలా వెండర్ కాంట్రాక్ట్‌తో పాటు వస్తుంది. లాక్‌డౌన్‌లో ఆఫీసులు మూసి మనం ఇంటినుంచి పని చేశాం. ఫ్లోర్ తుడిచే పని ఇంటినుంచి ఎలా చేస్తారు?

సరే, 2023. టెక్ కంపెనీల్లో ప్రపంచమంతా లేఆఫ్‌లు నడుస్తున్న ఏడాది. ఒక మంగళవారం పొద్దున గేటు దగ్గర నా కార్డు పని చేయలేదు. పచ్చ లైటు రాలేదు. మళ్ళీ పెట్టాను, మళ్ళీ ఎర్రదే. సెక్యూరిటీ అబ్బాయి లేచి నిలబడ్డాడు, "మేడమ్, రిజిస్టర్‌లో ఎంట్రీ రాయండి" అన్నాడు. విజిటర్ అన్న గడిలో నా పేరు రాశాను. పైకి వెళ్ళేసరికి క్యాలెండర్‌లో పదిహేను నిమిషాల మీటింగ్ ఉంది. నేను ఎంతమందికి పంపానో అలాంటిదే. లోపల కుర్చీలో కూర్చున్నాక నా తల్లో మొదట వచ్చిన ఆలోచన ఏమిటో చెప్పనా? కొత్త హెచ్ఆర్ హెడ్ ఏ ఊరావిడ, ఆవిడ వచ్చాక పోయినవాళ్ళలో మనోళ్ళెంతమంది, నలభై ఐదు దాటిన ఆడవాళ్ళెంతమంది. వేళ్ళు మడిచి లెక్కపెట్టాను, టేబుల్ కింద. ఆ ఐదు లెక్కల్ని విని నవ్వుకున్న మనిషిని నేను.

అదే వారం పోయిన ఒకాయన, అకౌంట్స్‌లో ఉండేవారు, ఇంట్లో చెప్పలేదు. పొద్దున తొమ్మిదింటికి టిఫిన్ బాక్స్, ల్యాప్‌టాప్ బ్యాగ్‌తో బయల్దేరేవారు. ల్యాప్‌టాప్ వెనక్కిచ్చేశారు, బ్యాగ్‌లో ఉన్నది రెండు పాత పుస్తకాలు. మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీ నగర్ దాకా, మళ్ళీ వెనక్కి. రైలు ఏసీ కదా అన్నారు నాతో. ప్లాట్‌ఫామ్ మీద జనం పరుగెడుతుంటే తను పక్కకి తప్పుకుని నిలబడేవారట. "నడక నెమ్మదైపోయింది మేడమ్, ఎందుకో" అన్నారు.

నడక ఎందుకు నెమ్మదిస్తుందో మరీ జహోదా అనే పరిశోధకురాలు కనిపెట్టింది, 1930ల మొదట్లోనే. ఆస్ట్రియాలో మరియెంతాల్ అనే ఊళ్ళో ఉన్న ఒక్క మిల్లు మూతపడితే, జహోదా, ఇంకొందరు కలిసి ఆ ఊరంతా పరిశీలించారు. చేతిలో గడియారం పెట్టుకుని వీధిలో జనం నడకని కొలిచారు. పనిపోయిన మగవాళ్ళ నడక మందగించింది, మధ్యమధ్య ఆగిపోతున్నారు. ఆడవాళ్ళు అంతగా ఆగలేదు, ఇంటిపని ఆగదు కదా. చేతినిండా ఖాళీ టైమ్ ఉన్నా లైబ్రరీలో పుస్తకాలు తీసుకోవడం తగ్గిపోయింది. జీతంతో పాటు రోజుకి ఒక ఆకారం, నలుగురితో కలయిక, నేను ఫలానా అని చెప్పుకునే గుర్తింపు, ఇవన్నీ ఉద్యోగం ఇస్తోందని జహోదా తర్వాత రాసింది. పోయాక తెలిసేవి ఇవే. ఆ అకౌంట్స్ ఆయన నాలుగు నెలలు అలా తిరిగారు.

ఇక పనికొచ్చే మాట ఒకటి చెప్పి ఆపేస్తాను, హాలు వాళ్ళు వాచీ చూసుకుంటున్నారు. మిమ్మల్ని పిలిచి, "టెర్మినేట్ చేస్తే రికార్డు పాడవుతుంది, మీరే రిజైన్ చేస్తే రిలీవింగ్ లెటర్ క్లీన్‌గా ఇస్తాం" అంటారు. ఆ వాక్యం నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. వినడానికి ఉపకారంలా ఉంటుంది. కానీ చట్టం దృష్టిలో రాజీనామా వేరు, కంపెనీ తీసేయడం వేరు. తీసేస్తే, మీరు చట్టం చెప్పే వర్కర్ నిర్వచనంలోకి వస్తే, నెల నోటీసు లేదా దాని జీతం, పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల జీతం పరిహారం ఇవ్వాలి. ఇది 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ ఉండేది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలోనూ ఉంది, ఇంకో పదిహేను రోజుల జీతం కొత్త పని నేర్చుకోవడానికి అని కలిపారు. మీరే రాజీనామా రాసిస్తే ఇవేవీ వర్తించవు. మేనేజర్ స్థాయివాళ్ళు ఈ నిర్వచనంలోకి రారు, కానీ విజిటింగ్ కార్డు మీద మేనేజర్ అని వేసినంత మాత్రాన అందరూ మేనేజర్లు కారు, చేసే పనిని బట్టి చూస్తారు. కాబట్టి ఆ గదిలో ఏదీ సంతకం పెట్టకండి. "ఇంటికెళ్ళి చదువుకుని రేపు చెప్తాను" అనండి. ఏమీ కాదు. ఇంకోటి, కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ సాధారణంగా చివరి రోజుతో ఆగిపోతుంది. ఇంట్లో అమ్మానాన్నలు దాని మీదే ఉంటే, అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మారే వీలు అడగండి, ఆ చివరి రోజుకి ముందే.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి. ఆ, మీరు, చారల చొక్కా బాబు.

(సభ నుంచి ఒక యువకుడు: మేడమ్, నేను టీమ్ లీడ్‌ని. మా టీమ్‌లో తొమ్మిదిమంది. ఒక్క పేరు ఇవ్వమన్నారు. ఏ ప్రాతిపదిక మీద అంటే, నువ్వే డిసైడ్ చెయ్ అన్నారు.)

చూశారా, కాలమ్‌లు కూడా లేవు ఈసారి. బాబూ, ముందు అదే ప్రశ్న మెయిల్‌లో అడుగు, ప్రాతిపదిక ఏమిటి అని. జవాబు రాకపోవచ్చు, అడిగినట్టు మాత్రం ఉంటుంది. తర్వాత తొమ్మిదిమందికీ గత ఆరు నెలల్లో ఏం చేశారో కాగితం మీద రాయి. నీతో కలిసి లంచ్‌కి రానివాళ్ళవి ముందు రాయి, వచ్చేవాళ్ళవి చివర్లో. ఎవరి పని గురించి రాయడానికి నీకు ఏమీ తోచట్లేదో చూసుకో. వాళ్ళు పని చేయకా, నువ్వు చూడకా అన్నది నీకే తెలుస్తుంది. సెలవులో ఉన్న నెలలు ఎవరికైనా ఉంటే అవి తీసేసి లెక్కెయ్. నీ మనసులో ఇప్పటికే ఒక పేరు ఉంది కదా?

(యువకుడు: ఉంది మేడమ్.)

ఎప్పటిలోపు ఇవ్వాలన్నారు?

(యువకుడు: రేపు సాయంత్రం.)

అయితే వెళ్ళిపోకు, ఉండు. కింద టీ తాగుతూ ఆ తొమ్మిది పేర్లూ రాద్దాం. పెన్ను ఉందా?